కొలువడిగితే దుకాణం పెట్టుకొమ్మంటరా?

సీతాఫల్‌మండి అంటే ఇయ్యాల ఎవరికైనా యాదికొచ్చేది ఎంఎంటీఎస్ స్టేషన్, ఇరుకు గల్లీలు, కిరాయి రూములు, ఉస్మానియాకు పోయే పోరగాండ్లు. కానీ ఆ పేరులో ఒక వ్యాపారం ఉన్నది. ఒకప్పుడు ఇక్కడ సీతాఫలాల మండి నడిచేదని, గంపలకు గంపలు దిగేవని, బస్తీకి ఆ పేరు అట్లనే వచ్చిందని పెద్దమనుషులు చెప్తరు. మండి పోయింది, పేరు మిగిలింది. ఆ పేరు మోస్తున్న బస్తీ పిల్లలకు ఇప్పుడు వ్యాపారం నేర్పుతమని టై కట్టుకోని బయలుదేరిండ్రు.

ఆ మధ్య మేము ఒక కాలేజీ సదస్సుకు పోయినం. పేరెందుకు, అన్ని కాలేజీలల్లో జరిగేదే. స్టేజీ వెనక ఫ్లెక్సీ, 'నేటి విద్యార్థులే రేపటి పారిశ్రామికవేత్తలు' అని. వచ్చిన పెద్దమనిషి రెండు గంటలు చెప్పిండు. అమెరికాలో ఒకాయన గ్యారేజీలో కంప్యూటర్ చేసిండట, ఇంకొకాయన గ్యారేజీలోనే పుస్తకాల దుకాణం మొదలుపెట్టి ప్రపంచాన్ని కొన్నడట. "ఉద్యోగం అడిగేటోళ్లు కావద్దు, ఉద్యోగం ఇచ్చేటోళ్లు కావాలె" అన్నడు. చప్పట్లు మోగినయి. ప్రశ్నలుంటే అడుగుమన్నడు. వెనక బెంచీల నుంచి ఒక పిల్లగాడు లేచి, "సార్, గ్యారేజీ లేనోడు ఏం జెయ్యాలె?" అన్నడు. అందరు నవ్విండ్రు. సారు గూడ నవ్విండు. జవాబు మాత్రం చెప్పలే. సమోసా, చాయ్, సర్టిఫికెట్ పంచి ఇంటికి తోలిండ్రు.

ఆ పిల్లగాడు అడిగింది ఎకసెక్కం కాదు. మా బస్తీలో పది బై పది రూములో నలుగురు పండుకుంటరు. సామాను పెట్టుకునే జాగ లేదు. పొయ్యి ఎక్కువసేపు మండితే ఇంటి ఓనరు ఊకోడు. కరెంటు సబ్‌మీటరు, యూనిట్‌కు ఆయన చెప్పిందే రేటు. గ్యారేజీ అంటే కారు పెట్టుకునే రేకుల షెడ్డని సారు అనుకున్నడు. అసలు సంగతి వేరే. గ్యారేజీ అంటే కిరాయి కట్టకుండ ఏడాది పనిచేసుకునే వెసులుబాటు, ఓడిపోయి తిరిగొస్తే ఇంత బువ్వ పెట్టే ఇల్లు. అది ఉన్నోడికి ధైర్యం పాఠం చెప్పే అవసరమే లేదు. లేనోడికి చెప్తే అది పాఠం గాదు, ఎగతాళి.

మమ్మల్ని జర తప్పుగ అర్థం చేసుకోవద్దు. వ్యాపారం మీద మాకు పగ లేదు. పిల్లలకు బేరం తెలువాలె, జమాఖర్చు తెలువాలె, సొంతంగ నిలబడే తెగువ రావాలె. ఇంటరులో, డిగ్రీలో అది నేర్పుతమంటే మొదట సంతోషపడేది మేమే. మా కొట్లాట వేరే చోట ఉన్నది. పాఠం చేతిలో పెట్టి పెట్టుబడి, జాగ, మార్కెట్ చేతిలో పెట్టకపోవుడు మీద ఉన్నది. ఆ పాఠాన్ని అడ్డం పెట్టుకోని కొలువుల లెక్క ఎగ్గొట్టుడు మీద ఉన్నది.

ఈ ముచ్చట కొత్తది గూడ కాదు. అరవై ఏండ్ల కింద మన నగరంలోనే నడిచింది. యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఒకటున్నది. 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాద్‌కు వచ్చిన ఆ సంస్థను అప్పుడు 'సియెట్' అనేవాళ్లు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చి, 1964లో ఆ సంస్థతో కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టిండు. మనుషులకు గెలవాలనే తపనను నేర్పొచ్చా, నేర్పితే వ్యాపారం పెరుగుతదా అన్నది ఆయన ప్రశ్న. బొమ్మలు చూపించి కథలు రాయించిండ్రు. మేకుకు రింగులు వేసే ఆట ఆడించిండ్రు. మరీ దగ్గర నిలబడితే గెలుపులో పస లేదు, మరీ దూరం నిలబడితే అది జూదం, నడుమ నిలబడి వేసేటోడే వ్యాపారి అన్నది ఆ ఆట సారం. ప్రపంచమంతట వ్యాపార విద్య పుస్తకాలల్లో ఇప్పటికీ ఇది 'కాకినాడ ప్రయోగం' పేరుతోనే కనబడుతది. ఎందుకంటే శిక్షణ ఇచ్చిన సంస్థ హైదరాబాద్‌ది, శిష్యులు కాకినాడోళ్లు.

ఉద్యమం రోజులైతే ఇక్కడ్నే ఆగి నాలుగు మాటలనేటోళ్లం. యూసుఫ్‌గూడ పక్కపొంటి యువకుల్లో తపన నింపాలన్న సోయి ఆ రోజు ఎవరికీ ఎందుకు రాలేదని అడిగేటోళ్లం. ఇప్పటికీ అడగొచ్చు, అందులో న్యాయం ఉన్నది. కానీ రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. ఇంకొంచెం లోతుకు పోవాలె. కాకినాడ నుంచి వచ్చినోళ్లు ఎవరు? చేతులూపుకుంట వచ్చిన నిరుద్యోగులు గాదు, అప్పటికే వ్యాపారంలో ఉన్నోళ్లు. ఆ ఊరి వెనక 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఉన్నది, ఆ కాలువల కింద నూరేండ్లు పండిన వడ్లున్నయి, ఆ వడ్లు మిల్లులై, మిల్లులు పెట్టుబడులైన చరిత్ర ఉన్నది. అది వాళ్ల తప్పు గాదు. శిక్షణ అయినంక ఏం తేలిందో 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌క్లెలాండ్ పుస్తకమే రాసిండు. శిక్షణ పొందినోళ్లు పొందనోళ్ల కంటె ఎక్కువ చురుకుగ వ్యాపారం పెంచిండ్రు, కొత్త పెట్టుబడి పెట్టిండ్రు. అయితే ఎవరిలో ఆ పాఠం బాగ పారింది? తన దుకాణంలో తానే నిర్ణయం తీసుకునే పెత్తనం ఉన్నోళ్లలో. పెత్తనం లేనోడికి తపన నేర్పితే ఆ తపన ఎటు పోవాలె?

ఆ పుస్తకం వచ్చిన 1969లోనే మన విద్యార్థులు చదువులు పక్కన పెట్టి రోడ్డెక్కిండ్రు. ఒకే నగరంలో ఒక దిక్కు 'సాధించాలనే తపన' మీద పరిశోధన ముగిసింది, ఇంకో దిక్కు కొలువుల కోసం తుపాకి గుండ్లకు పోరగాండ్లు ఎదురుబోయిండ్రు. తపన లేకనా?

ఆఫ్రికా దిక్కు చూసినా ఇదే కథ. టోగో దేశం రాజధాని లోమేలో 1,500 మంది చిరు వ్యాపారులతో ఒక పరీక్ష చేసిండ్రు, 2017లో ఫలితం వచ్చింది. మామూలు వ్యాపార పాఠాలు, జమాఖర్చుల పాఠాలు చెప్పించుకున్నోళ్ల లాభం 11 శాతం పెరిగినట్టు కనబడ్డది గానీ, అది పాఠం వల్లనే అని ఖాయంగ చెప్పే తీరులో లేదు. చొరవ చూపుడు, ముందుచూపు, అడ్డంకి వస్తే దారి మార్చుడు నేర్చుకున్నోళ్ల లాభం 30 శాతం పెరిగింది. భేషైన ఫలితమే. కానీ చూడుండ్రి, ఆ 1,500 మందికీ అప్పటికే వ్యాపారమున్నది. ఉగాండాలో ఇంకో తీరు చేసిండ్రు. 2008లో అక్కడి సర్కారు యువకుల జట్లకు చేతివృత్తి నేర్చుకునేటందుకు, పనిముట్లు కొనేటందుకు తలా దాదాపు 380 డాలర్లు ఇచ్చింది, అప్పు గాదు, ఊరికెనే. నాలుగేండ్లకు వాళ్ల సంపాదన పైసలు అందనోళ్ల కంటె 38 శాతం ఎక్కువున్నది. తొమ్మిదేండ్లకు అందనోళ్లు గూడ పడుతూ లేస్తూ దాదాపు అంతే సంపాదనకు చేరిండ్రు. అంటే పైసలు మంత్రం గాదు, పేదోని ఆలస్యాన్ని తగ్గించేటియి. ఇరవై రెండేండ్ల పోరనికి ఐదారేండ్లు కలిసొచ్చుడంటే చిన్న సంగతా? ఉస్మానియా హాస్టళ్లలో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ముప్పై దాటినోళ్లను అడుగుండ్రి, ఐదేండ్ల విలువ చెప్తరు.

ఎదురుచూపు అంటే యాదికొచ్చింది. 2022 అక్టోబర్‌లో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. మళ్లీ జూన్‌లో రాస్తే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. రెండుసార్లు రాసి రెండుసార్లు సున్న దగ్గరికొచ్చిన పిల్లలు మా గల్లీలల్లో ఉన్నరు. ఆ పిల్లల ముందట మైకు పట్టుకోని 'ఉద్యోగం అడుగకు' అన్నోనికి నోరెట్ల వచ్చింది? పరీక్ష పెట్టుడు చేతగానోడు పరీక్షే దండుగ అన్నట్టున్నది. ఇంకో చోద్యం చెప్తం వినుండ్రి. మన సర్కారు డిగ్రీ కాలేజీలల్లో చానమంది సార్లు, మేడమ్‌లు కాంట్రాక్టోళ్లు, గెస్టు లెక్చరర్లు. గంటల లెక్కన పైసలు తీసుకునే గెస్టు లెక్చరర్ బోర్డు మీద 'రిస్క్ టేకింగ్' అని రాసి పాఠం చెప్తడు. ఆయన కంటె పెద్ద రిస్కు ఎవరు తీసుకున్నరు గనుక!

ఇగ స్కీముల చరిత్ర. 1993లో ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన. చంద్రబాబు కాలంలో సీఎంఈవై. వైఎస్ కాలంలో రాజీవ్ యువశక్తి. 2008లో రోజ్‌గార్ యోజన పేరు పోయి పీఎంఈజీపీ. 2015లో ముద్ర. పేర్లు మారుతయి, ఫొటోలు మారుతయి, బ్యాంకు గుమ్మం మాత్రం మారది. 2021లో దళితబంధు వచ్చింది. బ్యాంకు అడ్డం లేకుండ కుటుంబానికి 10 లక్షలు అన్నరు. మాట మంచిది, మేము గూడ చప్పట్లు కొట్టినం. పెట్టుబడి అప్పుగ గాక హక్కుగ రావాలన్న మాట ఈ రాష్ట్రంలో అంత పెద్దగ పలికింది అదే మొదలు. తర్వాత? అందులో మూడేసి లక్షలు వసూలు చేసిన ఎమ్మెల్యేల చిట్టా తన దగ్గరున్నదని 2023 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రే సొంత పార్టీ సభలో అన్నడు. 2025 మార్చిలో కొత్త సర్కారు రాజీవ్ యువ వికాసం తెచ్చింది. 50 వేల నుంచి 4 లక్షల దాక యూనిట్లు అన్నరు. 16 లక్షలకు పైగ దరఖాస్తులు వచ్చినయి. జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినం నాడు మంజూరు పత్రాలిస్తమన్నరు, ఆ రోజు రాకముందే వాయిదా వేసిండ్రు. 16 లక్షల మంది! 'మనోళ్లు కొలువులంటరు గానీ వ్యాపారం చెయ్యరు' అనేటోళ్లు ఈ అంకె గోడకు రాసి పెట్టుకోవాలె.

'తెలంగాణోళ్లకు వ్యాపారం రాదు, రిస్కు తీసుకోరు' అన్న ఈ మాట మనం చిన్నప్పటి నుంచి విన్నదే. పక్కోడు అన్ననాడు కోపమొచ్చేది. ఇప్పుడు మనోళ్లే స్టేజీ మీద అంటున్నరు, 'మన పిల్లల్లో ఆ మైండ్‌సెట్ లేదు' అని ఇంగ్లిషులో. 2011లో సకల జనుల సమ్మె చేసినం. 42 రోజులు నడిచిన ఆ సమ్మెలో జీతం లేకుండ, కొలువు ఉంటదో ఊడుతదో తెలువకుండ టీచర్లు, ఎన్జీవోలు, ఆర్టీసీ కార్మికులు, సింగరేణి కార్మికులు నిలబడ్డరు. ఈ పేపరు చదివే ఉద్యోగులకు మేము గుర్తుచెయ్యాల్నా? అంతకు మించిన రిస్కు ఏ బిజినెస్ స్కూల్‌లో చెప్తరు?

తెగువ సంగతికొస్తే చింతకింది మల్లేశం ముచ్చట చెప్పాలె. ఆలేరు దగ్గర శారాజీపేట. తల్లి లక్ష్మి ఆసు పోసేది. పోచంపల్లి తీరు చీర నేయాలంటే ముందు దారాన్ని కండెల మీద చెయ్యి ఇటటు ఆడిస్తూ పోయాలె. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలె. భుజం పడిపోయేది. ఆరో తరగతిలో చదువు బందు చేసిన మల్లేశం 1992లో యంత్రం చేద్దమని మొదలుపెట్టిండు. పైసలైపోయినయి, ఊరంత పిచ్చోడన్నది. హైదరాబాద్‌కు వచ్చి కరెంటు పనులు చేసిండు. నగరంలోని బాలానగర్‌లో ఒక చోట పనికి పోయినప్పుడు అక్కడ తిరుగుతున్న యంత్రాన్ని చూసినంక తన యంత్రంలో చిక్కు ఎక్కడున్నదో తెలిసింది. 1999లో లక్ష్మి ఆసు యంత్రం నడిచింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2011లో పేటెంట్, 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా.

ఈ కథను గూడ సదస్సులల్లో చెప్తున్నరు. 'చూసిండ్రా, చదువు లేకున్నా పట్టుదలతో సాధించిండు' అని. మేము ఇంకో తీరు అడుగుతం. 1992 నుంచి 1999 దాక ఏడేండ్లు. ఆ ఏడేండ్లల్లో ఒక లేత్ మిషన్ వాడుకోనిస్తే, ఒక మెకానిక్ పక్కన కూసుంటే, నెలకింత పైస ఇస్తే ఆ యంత్రం ఎన్నేండ్లకు వచ్చేది? ఆ ఏడేండ్లల్లో ఎందరు తల్లుల భుజాలు అరిగినయి? ఒక్కడు ఈదుకుంట ఒడ్డుకు వచ్చిండని పది మందిని ఏట్లోకి తోసుడు ఏం న్యాయం? మనకు పనితెలిసిన మనుషులు కరువు గాదు. మా బస్తీ పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, అందులో తరాలుగ ఇనుముతోటి పనిచేసి రిటైరైనోళ్లు గల్లీకి నలుగురున్నరు. ప్రాగా టూల్స్‌లో, ఆల్విన్‌లో పనిచేసినోళ్ల ఇండ్లున్నయి. ఏ ఇంక్యుబేటరూ వాళ్ల తలుపు కొట్టలేదు.

టీ-హబ్ ఉన్నది గదా అంటరు. ఉన్నది. 2015లో గచ్చిబౌలిలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలో దాదాపు 5.8 లక్షల చదరపు అడుగుల అద్దాల మేడలోకి మారింది. మంచిదే, అది మన రాష్ట్రం గౌరవమే. మా స్టేషన్‌లో లింగంపల్లి ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీలో దిగొచ్చు, దూరమేం లేదు. కానీ లోపలికి పోవాలంటే పిచ్ డెక్ కావాలె, ఇంగ్లిషు కావాలె, నెలల తరబడి జీతం లేకుండ బతికే స్తోమత కావాలె. మా బస్తీ పిల్లలు ఆ దిక్కు రోజూ పోతున్నరు, వీపుకు బ్యాగు తగిలించుకోని ఆ మేడలకు బిర్యానీలు ఇచ్చి రావడానికి. వాళ్లను కంపెనీలు కార్మికులనవు. 'డెలివరీ పార్ట్‌నర్' అంటయి. బండి వీనిది, పెట్రోలు వీనిది, ఫోను వీనిది, కాలు విరిగితే దవాఖాన ఖర్చు గూడ చానవరకు వీనిదే. రేటు మాత్రం వాళ్లది. పార్ట్‌నరంటే వాటాదారు అని చదువుకున్నం మేము. ఇదీ మన యువకులకు అసలుగ అందుతున్న వ్యాపార విద్య!

ఇగ సీతాఫలం దగ్గరికొద్దం. మండి పోయినా పండు రాకుండ పోలేదు. వానలు వెనకవట్టినంక, దసరా దీపావళి నడుమ, పాలమూరు దిక్కు నుంచి ఆడోళ్లు గంపలతో వస్తరు. 'బాలానగర్' అని దేశమంతట పేరున్న సీతాఫలం రకం ఆ దిక్కుదే. మల్లేశం కథలోని బాలానగర్ గాదు, పాలమూరు బాలానగర్. రోడ్డు పక్కన గంప పెట్టుకోని కూసున్న ఆమె దగ్గర ఒక్క పొద్దు కూసోండ్రి. కాయ మీది కండ్ల నడుమ గీత తెల్లబడ్డదా లేదా చూసి, ఇది ఇయ్యాల తినేది, ఇది రేపటిది, ఇది ఎల్లుండిది అని మూడు కుప్పలు పోస్తది. పొద్దున ఒక ధర, మాపటికి ఒక ధర. పగిలిన పండును చిన్న పిల్లలున్న తల్లికి అగ్గువకు ఇచ్చి రేపటి గిరాకీని ఇయ్యాలనే కట్టేసుకుంటది. సరుకు మూడు నాలుగు రోజుల్లో కుళ్లిపోయే వ్యాపారం, తప్పు చేసే సందు లేదు. స్టాక్ మేనేజ్‌మెంట్, ప్రైసింగ్, కస్టమర్ రిలేషన్ అని ఎంబీయేలో రెండేండ్లు చెప్పేది ఆమె పొద్దు గూకేలోపల చేసి చూపిస్తది. 'ఎంట్రప్రెన్యూర్‌షిప్‌కు తెలుగులో సరైన మాట లేద'ని సదస్సులో సారు బాధపడ్డడు. మాట సంగతి తర్వాత, మనిషి ఈడ కూసున్నది.

మరి ఇన్ని తెలిసిన ఆమె ఎందుకు ఎదగలేదు? మైండ్‌సెట్ లేకనా? ఆమె పెట్టుబడి గిరిగిరి అప్పు. పొద్దున 900 చేతికిచ్చి మాపటికి 1,000 వసూలు చేసే లెక్క. రోజుకు పదకొండు శాతం మీద వడ్డీ! ప్రపంచంలో ఏ స్టార్టప్ ఆ వడ్డీకి బతుకుతది? వీధి వ్యాపారులకు 2014లో చట్టం వచ్చింది, 2020లో స్వనిధి పేరుతో మొదటి విడత 10 వేల అప్పు ఇస్తమన్నరు. సీజన్‌కు వచ్చిపోయే ఆమెకు ఆ కార్డు చేతికందుడు తేలిక గాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో మూసి నగరం బయట బాటసింగారానికి పంపిండ్రు, ఆటో కిరాయి పెరిగింది. కూసునే జాగకు ఎవరో ఒకరికి మామూలు.

సీతాఫలంలో అసలు లాభం పండులో లేదు, గుజ్జులో ఉన్నది. సీజన్ అయినంక ఐస్‌క్రీమ్ దుకాణాలకు ఏడాది పొడుగునా అదే కావాలె. కానీ ఆ గుజ్జు మాట వినది. గాలి తగిలితే నల్లబడుతది, వేడి చేస్తే చేదెక్కుతది. గింజ పగలకుండ తీసి, వెంటనే గడ్డకట్టించి, సున్నకు 18 డిగ్రీల కింద నిలువ చేయాలె. అంటే కెమిస్ట్రీ కావాలె, ఫ్రీజరు కావాలె, కరెంటు పోకుండ ఉండాలె, కొనేటోని అడ్రసు కావాలె. ఆమె దగ్గర పండు ఉన్నది, పండు తెలివి ఉన్నది. మా బస్తీ పిల్లల దగ్గర బీఎస్సీ ఉన్నది, బీకాం ఉన్నది. వీళ్లిద్దరిని ఒక్క బల్ల దగ్గర కూసోబెట్టే పనికి పేరే వ్యాపార విద్య. అది చేసినోడు ఒక్కడు మాకు కనబడలే.

అందుకే మేము అడిగేది సదస్సులు గాదు. ఢిల్లీ సర్కారు బడులల్లో 2021లో 11, 12 తరగతుల పిల్లలకు తలా 2,000 దాక ఇచ్చి జట్లుగ నిజం వ్యాపారం చేయమన్నరు. దాని మీద వంద విమర్శలుండొచ్చు, కానీ పాఠంతో పాటు పైస గూడ చేతికొచ్చింది. మన డిగ్రీ కాలేజీలో వంద మంది, ఐదుగురికి ఒక జట్టు, జట్టుకు 25 వేలు అనుకోండ్రి. 20 జట్లకు 5 లక్షలు. అది అప్పు గావద్దు. మునిగితే సిబిల్ ఖాతాలో మచ్చ పడొద్దు, ఎట్ల మునిగిందో లెక్క రాసి చూపిస్తే దానికే మార్కులెయ్యాలె. ఇరవై ఒక్క ఏటనే సిబిల్ ఖరాబైతే రేపు ఇంటి లోన్ గూడ రాదు. ఓడిపోతే పోయేది పిల్లగాని బతుకు, గెలిస్తే ఫొటో మంత్రిది, ఇదేం వాటా? పాఠం చెప్పేటందుకు లాలాగూడ రిటైర్డ్ ఫిట్టరును పిలువుండ్రి, గంప ముందట కూసున్న అక్కను పిలువుండ్రి, టై సారుకు ఇచ్చే పైసలే వాళ్లకీ ఇయ్యుండ్రి. ఇంత చేసి గూడ, ఖాళీ పోస్టులు నింపే బాధ్యత సర్కారు మీద అట్లనే ఉంటది. ఒకటి ఇచ్చినమని ఇంకోటి ఎగ్గొట్టుడు కుదరది. వందలో ఐదారుగురు వ్యాపారంలో నిలబడుతరేమో, మిగిలినోళ్లకు కొలువు కావాలె. ఆ ఐదారుగురు నిలబడాలన్నా కొనేటోని జేబులో జీతం ఉండాలె.

మన తప్పు గూడ ఒప్పుకోవాలె. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పోయేటట్టు అరిచినం. నిధులంటే బడ్జెట్ పుస్తకంలో పద్దు అనుకున్నం, సామాన్యుని బిడ్డ చేతిలో మొదటి పెట్టుబడి అనుకోలే. వ్యాపారమంటే అవతలోళ్లది, దోపిడీది అని దూరం పెట్టినం. కొంపల్లిలో, ఘట్‌కేసర్‌లో ప్లాటు కొనుడే వ్యాపారమనుకున్న ఉద్యోగ సోదరులు గూడ ఉన్నరు. కోపం తెచ్చుకోవద్దు, మా ఇండ్లల్లో గూడ ఉన్నరు. బిడ్డ దుకాణం పెడుతనంటే 'అప్పు ఎవరు కడుతరు' అంటం, అదే అప్పు చేసి అమెరికాకు తోలుతం. మనం ఖాళీగ విడిచిపెట్టిన ఆ జాగలోకే 'మైండ్‌సెట్' సార్లు వచ్చి కూసున్నరు.

మా బస్తీలో సర్కారు డిగ్రీ కాలేజీ ఉన్నది. రాబోయే సీతాఫలాల సీజన్‌కు రెండు నెలలు కాలేజీ గేటు పక్కన ఒక షెడ్డు, ఒక డీప్ ఫ్రీజరు, కెమిస్ట్రీ ల్యాబు తాళపుచెవి, ఒక మీటరు కనెక్షన్ కావాలె. చిన్న వ్యాపారానికి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలే, అది మేమే కడుతం. గంపలతో వచ్చే అక్కలతో మాట్లాడే బాధ్యత మాది, రైల్వే రిటైర్డ్ తాతలను తోలుకొచ్చే బాధ్యత మాది. ఉద్యోగ సంఘాల సోదరులు చందా వేస్తమంటే వద్దనం, కానీ ఇది చందాతో జరగాల్సిన పని గాదు, సర్కారు చెయ్యాల్సిన పని. దరఖాస్తు రాసినం. సంతకాలు పెట్టేటోళ్లు ఆదివారం పొద్దున సీతాఫల్‌మండి స్టేషన్ బయట చాయ్ హోటల్ దగ్గరికి రాండ్రి. సదస్సులో ప్రశ్న అడిగిన పిల్లగాని సంతకం ఇప్పటికే పడ్డది, మొదటిది ఆయనదే.